మొదటి సంతకం ఎవరిది?

సోమవారం పొద్దున ఏడున్నరకే మా షాపు షట్టర్ ఎత్తేస్తాను. తిరుపతిలో డీటీపీ, జిరాక్స్ పని చేసేవాళ్లకి వారంలో అదే బరువైన రోజు. కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునేది ఆ రోజే. ప్రభుత్వం మారినప్పుడల్లా ఆ కార్యక్రమం పేరూ మారింది. ఇప్పుడు ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంటున్నారు. మా దగ్గరికి వచ్చేవాళ్లు మాత్రం ఇంకా స్పందన అంటారు, పెద్దవాళ్లయితే గ్రీవెన్స్ అంటారు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడేదాకా ఇక్కడివాళ్లు ఒక్క కాగితం ఇవ్వడానికి చిత్తూరు దాకా బస్సులో పోయి వచ్చేవాళ్లు. ఇప్పుడు తిరుచానూరుకి ఆటో ఎక్కితే చాలు.

పాసుపుస్తకంలో తప్పు పడిన సర్వే నంబరు, నిషేధిత జాబితాలోకి వెళ్లిపోయిన భూమి, ఆగిపోయిన పింఛను, పక్కవాళ్లు మూసేసిన దారి. ఇరవై రెండేళ్లుగా ఇవే టైపు చేస్తున్నాను.

పోయినేడాది ఒక సోమవారం పారిశుద్ధ్య పని చేసే ఒకామె వచ్చింది. ఏ ఊరో, ఏ ఏజెన్సీయో చెప్పను. మూడు నెలలుగా జీతం పడలేదు. పీఎఫ్ కోస్తున్నారు కానీ అది అకౌంట్‌లో కనపడటం లేదు.

"అన్నా, ఒక అర్జీ కొట్టియ్యి."

"నీ ఒక్కదానికేనామ్మా పడంది?"

"యాడన్నా, ఎవురికీ పళ్ళేదు."

"మొత్తం ఎంతమంది?"

"ఇరవై ముగ్గురం."

"అయితే అందరి పేర్లూ వేసి ఒకటే రాద్దాం. బలంగా ఉంటుంది."

ఆమె చేతిలో సంచి దగ్గరికి లాక్కుంది. "వద్దు సామీ. నా ఒక్కదాని పేరే రాయి. అందరివీ ఏస్తే, ఈడ లీడరెవురని మేస్త్రీ అడగతాడు."

ఆమె ఒక్కదాని పేరుతోనే రాసిచ్చాను. కానీ ఆ మాట మాత్రం నాలో ఉండిపోయింది. ఈడ లీడరెవురు?

ఏప్రిల్ 14 వస్తుందంటే కుర్రాళ్లు ఫ్లెక్సీ డిజైన్ కోసం నా దగ్గరికి వస్తారు. అంబేద్కర్, ఫూలే, ఒక్కోసారి పక్కన మార్టిన్ లూథర్ కింగ్, మండేలా. వాళ్లు ఎంత ప్రేమతో చేయిస్తారో నాకు తెలుసు. రాత్రి పదింటికి వచ్చినా చేసిస్తాను. అయితే ఆ బొమ్మల వెనక మనం చెప్పుకునే కథలో ఎప్పుడూ ఒకే వరస ఉంటుంది: ముందు నాయకుడు పుడతాడు, తర్వాత జనం ఆయన వెంట నడుస్తారు. ఆ వరస తప్పని నా గట్టి నమ్మకం. ముందు పుట్టేది ఒక జాబితా. ఆ జాబితాలో మొదటి పేరు ఎవరిదన్న ప్రశ్న తర్వాత వస్తుంది. ఆ ప్రశ్నకి జవాబు దొరికేది ధైర్యాన్ని బట్టి మాత్రమే కాదు. ఎవరు పోగొట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నారు, ఎవరి మీద దెబ్బ పడితే మిగతావాళ్లు కాచుకోగలరు అన్న లెక్కని బట్టి. హక్కుల ఉద్యమాల చరిత్ర చదివినకొద్దీ నాకు ఈ లెక్కే కనపడుతోంది.

అమెరికాలో మాంట్‌గోమరీ బస్సుల బహిష్కరణ సంగతే తీసుకుందాం. మనం చెప్పుకునేది ఇలా ఉంటుంది: 1955 డిసెంబర్ 1న, రోసా పార్క్స్ అనే ఒక దర్జీ పనిచేసే నల్లజాతి స్త్రీ బస్సులో తెల్లవాడికి సీటు ఇవ్వనంది, అరెస్టు చేశారు, కింగ్ నాయకత్వం వహించాడు, గెలిచారు. ఇందులో అబద్ధం లేదు. కానీ ఆమె అంతకు ముందు పన్నెండేళ్లు ఏం చేసిందో ఈ కథలో లేదు. 1943లోనే ఆమె అక్కడి నల్లజాతి హక్కుల సంఘం శాఖకి కార్యదర్శి. కొట్టారని, అత్యాచారం చేశారని, ఓటు నమోదు చేసుకోనివ్వలేదని వచ్చేవాళ్ల మాటలు రాసుకోవడం ఆమె పని. 1944లో రేసీ టేలర్ అనే నల్లజాతి స్త్రీ మీద సామూహిక అత్యాచారం జరిగితే, ఆ ఊరికి వెళ్లి వివరాలు రాసుకొచ్చింది ఆమే. అంటే రోసా పార్క్స్ మొదట ఇతరుల ఫిర్యాదులు రాసిన మనిషి. ఈ సంగతి చదివిన రోజు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

పార్క్స్‌ని అరెస్టు చేసిన రాత్రి జరిగింది ఇంకా గొప్పది. జో ఆన్ రాబిన్సన్ ఒక ప్రభుత్వ కాలేజీలో ఇంగ్లిష్ లెక్చరర్, అక్కడి మహిళా రాజకీయ మండలికి అధ్యక్షురాలు. బస్సుల్లో అవమానాలు ఆపకపోతే బహిష్కరిస్తామని 1954 మే నెలలోనే మేయర్‌కి ఉత్తరం రాసింది. మన భాషలో చెప్పాలంటే అర్జీ పెట్టింది. లాభం లేకపోయింది. పార్క్స్ అరెస్టు వార్త తెలిసిన రాత్రి ఆమె మరో లెక్చరర్‌నీ ఇద్దరు విద్యార్థులనీ వెంటబెట్టుకుని కాలేజీకి వెళ్లి, సైక్లోస్టైల్ మెషీన్ మీద తెల్లారేదాకా కరపత్రాలు తీసింది. ఒక్కో కాగితం మీద మూడేసి, మొత్తం వేల సంఖ్యలో. నా చిన్నప్పుడు మా వీధిలో యూనియన్ ఆఫీసులో ఆ మెషీన్ ఉండేది. స్టెన్సిల్ మీద తప్పు పడితే ఎర్ర ద్రవం పూసి దిద్దడం, ఇంకు అంటుకున్న వేళ్లు, హ్యాండిల్ తిప్పితిప్పి నొప్పెట్టే భుజం, ఇవన్నీ నాకు తెలుసు. రాత్రంతా ఆ పని చేసి పొద్దున్నే క్లాసుకి పోవడమంటే ఏమిటో కూడా ఊహించగలను.

ఆ కరపత్రం కింద ఎవరి పేరూ లేదు. రాబిన్సన్ ప్రభుత్వ కాలేజీ ఉద్యోగి. పేరు బయటపడితే తన ఉద్యోగమే కాదు, కాలేజీకే ముప్పు.

మరి ముందు నిలబడింది ఎవరు? ఈ.డి. నిక్సన్ రైల్వే స్లీపర్ కోచ్‌లలో పోర్టర్. ఆయన కంపెనీ ఎక్కడో షికాగోలో ఉంది, మాంట్‌గోమరీ పెద్దలు ఆయన జీతం ఆపలేరు. పైగా వెనక బలమైన యూనియన్ ఉంది. ఇక కింగ్ సంగతి. ఆయనకి అప్పుడు 26 ఏళ్లు. ఆ ఊరికి వచ్చి ఏడాదిన్నర కూడా సరిగా కాలేదు. కొత్తవాడు కాబట్టి ఊళ్లో ఏ వర్గంతోనూ గొడవల్లేవు, ఏ తెల్ల అధికారికీ మొహమాటపడాల్సిన అవసరం లేదు. ఆయన పాస్టరు, జీతం ఇచ్చేది చర్చి సభ్యులైన నల్లవాళ్లే. ఆయన ప్రతిభని నేను తక్కువ చేయడం లేదు. డిసెంబర్ 5 సాయంత్రం హోల్ట్ స్ట్రీట్ చర్చిలో జరిగిన సభలో ఆయన మాట్లాడకపోయి ఉంటే ఆ ఉద్యమానికి ఆ గొంతు దొరికేది కాదు. కానీ బహిష్కరణ నడిపే సంఘానికి ఆయన్ని అధ్యక్షుడిగా ఎంచుకున్నవాళ్లు మాత్రం మొదటి సంతకం ఎవరు పెట్టగలరన్న లెక్క వేసుకున్నారు.

జార్జియా గిల్మోర్ అనే వంటమనిషి ఇంకో దారి పట్టింది. బస్సెక్కని వాళ్లని పనికి చేర్చే కార్లకి పెట్రోలు డబ్బు కావాలి. ఆమె కొంతమంది ఆడవాళ్లని కూడగట్టి, చికెన్ వేయించి, కేకులూ పళ్ల పైలూ చేసి అమ్మి ఆ డబ్బు సభలో ఇచ్చేది. ఆ గుంపుకి పెట్టుకున్న పేరుకి అర్థం "ఎక్కడిదీ కాని క్లబ్". డబ్బెక్కడిదని ఎవరైనా అడిగితే ఎక్కడినుంచీ కాదని చెప్పొచ్చు. ఇళ్లలో వంట చేసే ఆడవాళ్ల పేర్లు బయటపడితే మర్నాడే పని పోతుంది, అందుకని. కింగ్ మీద కేసు విచారణలో గిల్మోర్ సాక్ష్యం చెప్పింది. ఆ తర్వాత ఆమె పనే పోయింది. కింగ్ సాయంతో ఇంటి దగ్గరే వండి అమ్మడం మొదలుపెట్టింది. వంటింటి నుంచి వచ్చిన ఈ నాయకత్వం గురించి మన బడి పుస్తకాల్లో ఒక్క పేజీ అయినా ఉండాలని నాకు కోరిక.

1956 ఫిబ్రవరిలో అధికారులు మేస్త్రీ ప్రశ్నే అడిగారు. 1921 నాటి ఒక పాత చట్టం బయటికి తీసి, బహిష్కరణ నడిపిస్తున్నవాళ్లంటూ 89 మంది మీద కేసు పెట్టారు. ఈడ లీడరెవురన్నదే ఆ జాబితా సారం. దాంతో జనం ఇళ్లలో దాక్కుంటారనుకున్నారు. నిక్సన్ తనంతట తానే వెళ్లి, నా కోసమేనా వెతుకుతున్నారు, ఇదిగో వచ్చానన్నాడు. ఆ వెనక ఒకరి తర్వాత ఒకరు నడుచుకుంటూ వచ్చి వేలిముద్రలు ఇచ్చారు. బయట జనం చప్పట్లు. రోసా పార్క్స్ వేలిముద్రలు వేస్తున్న ఫొటో ఒకటి అందరూ చూసే ఉంటారు. బస్సులో సీటు ఇవ్వనన్న రోజుదని చాలామంది అనుకుంటారు. అది ఆ రోజుది కాదు, ఈ ఫిబ్రవరిది. లీడరెవరన్న ప్రశ్న భయపెట్టడం మానేసిన రోజుది.

381 రోజులు నడిచారు. చివరికి కోర్టులో గెలిపించిన కేసులో పార్క్స్ పేరు లేదు. ఆరేలియా బ్రౌడర్, సూసీ మెక్‌డొనాల్డ్, క్లాడెట్ కాల్విన్, మేరీ లూయీస్ స్మిత్ అనే నలుగురు స్త్రీలు పేర్లు ఇచ్చారు. కాల్విన్ పార్క్స్ కన్నా తొమ్మిది నెలల ముందే, 15 ఏళ్ల వయసులో, సీటు ఇవ్వనని అరెస్టయిన పిల్ల.

మన దగ్గరికి వద్దాం. మహారాష్ట్రలో మహాడ్ చెరువు నీళ్లు దళితులు ముట్టిన సంగతి తెలిసిందే కదా అని చాలామంది దాటేస్తారు. 1923లో బొంబాయి శాసన మండలి ప్రభుత్వ నీటి వనరులన్నీ అంటరానివారికి తెరవాలని తీర్మానించింది. 1924లో మహాడ్ మున్సిపాలిటీ కూడా అదే తీర్మానం చేసింది. అంటే హక్కు అప్పటికే కాగితం మీద ఉంది. దాన్ని దోసిట్లోకి తెచ్చింది 1927 మార్చి 20న అంబేద్కర్, ఆయన వెంట నడిచిన వేలాది మంది. ఆ తర్వాత సవర్ణులు కోర్టుకెక్కారు. ప్రతివాదుల్లో మొదటి పేరు భీమ్‌రావ్ రాంజీ అంబేద్కర్. బొంబాయి హైకోర్టు తీర్పు వచ్చేసరికి 1937. పదేళ్లు ఆ కేసు మోయడం కూలి చేసుకునే మహర్ రైతుకి సాధ్యమా? బారిస్టర్ చదివిన మనిషి తన పేరు ముందు పెట్టాడు కాబట్టి, ఆ రోజు నీళ్లు ముట్టినవాళ్లు దానికింద నిలబడగలిగారు.

తెలుగునాట పౌరహక్కుల ఉద్యమంలో కూడా ఇదే కనిపిస్తుంది. కె.జి. కన్నబిరాన్ లాయరు. బొజ్జా తారకం లాయరు. 1985 జులైలో కారంచేడులో దళితుల్ని చంపినప్పుడు ప్రభుత్వ ప్లీడర్ పదవికి రాజీనామా చేసి వచ్చారు. బాలగోపాల్ గణితంలో పీహెచ్‌డీ, కాకతీయ యూనివర్సిటీ ఉద్యోగం వదులుకున్నారు, తర్వాత హైకోర్టులో వకీలు. వరంగల్‌లో డాక్టర్ రామనాథం పిల్లల డాక్టరు. సొంత వృత్తి ఉన్నవాళ్లు, నెల జీతం కోసం ఎవరి దయా అక్కర్లేనివాళ్లు ముందు నిలబడ్డారు. అంత మాత్రాన వాళ్లకి కష్టం లేదనడం దారుణం. రామనాథంని 1985 సెప్టెంబర్ 3న ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. పిల్లలకి మందు రాసిచ్చే బల్ల దగ్గర.

వీళ్లలో బాలగోపాల్ గురించి ఒక మాట ఎక్కువ చెప్పాలి. 1983 నుంచి పదిహేనేళ్లు పౌరహక్కుల సంఘానికి ప్రధాన కార్యదర్శిగా ఉండి, ఎన్‌కౌంటర్ జరిగిన ప్రతి చోటికీ పోయి చచ్చిపోయిన మనిషి పేరు, ఊరు, తల్లిదండ్రులు, చివరిసారి ఎవరు చూశారు, అన్నీ రాసుకొచ్చేవారు. తర్వాత నక్సలైట్ల హింసని కూడా హక్కుల దృష్టితో ప్రశ్నించాలని తన సొంత సంఘంలోనే వాదించి, 1998లో బయటికి వచ్చి మానవ హక్కుల వేదికలో భాగమయ్యారు. పోలీసుల ముందు సంతకం పెట్టడం కష్టమే. కానీ ఏళ్ల తరబడి మనతో కలిసి నడిచినవాళ్ల ముందు ఒంటరిగా సంతకం పెట్టడం అంతకన్నా కష్టమని నేననుకుంటాను. 2009 అక్టోబర్‌లో ఆయన పోయినప్పుడు, ఆయన్ని ఎన్నడూ చూడని నేను ఆ రోజు షాపు తెరవలేదు.

ఆయన నేర్పిన పని ఎంత అవసరమో మా ఊరికి ఐదున్నరేళ్ల తర్వాత తెలిసొచ్చింది. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో, చంద్రగిరి వైపు, ఎర్రచందనం టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో 20 మంది చనిపోయారు. అందరూ తమిళనాడు నుంచి వచ్చిన కూలీలు, చాలామంది గిరిజనులు. దాడి చేస్తే ఆత్మరక్షణకి కాల్చామని పోలీసులు చెప్పారు. బస్సులోంచి దించి తీసుకెళ్లారని ప్రాణాలతో బయటపడ్డవాళ్లు జాతీయ మానవ హక్కుల కమిషన్ ముందు చెప్పారు. అంతకు ఆరున్నర నెలల ముందే, 2014 సెప్టెంబర్ 23న, పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు ఎన్‌కౌంటర్ మరణాల మీద 16 మార్గదర్శకాలు ఇచ్చి ఉంది. ఎఫ్‌ఐఆర్ కట్టాలి, సీఐడీ గానీ వేరే స్టేషన్ వాళ్లు గానీ దర్యాప్తు చేయాలి, చనిపోయినవాళ్ల బంధువులకి చెప్పాలి.

ఆ వారం మా షాపులో, ఎదురుగా టీ అంగడిలో నేను విన్న మాట ఒకటే: దొంగలకి హక్కులేంటి? ఏడుకొండలవాడి అడవిలో చెట్లు నరికేవాళ్ల కోసం ఏడవాలా అన్నారు. ఎర్రచందనం మన సొమ్మన్నది నిజం. అడవి మీద ఆ కోపం నాకూ ఉంది. కానీ ఆ 20 మందినీ మా ఊరు ఒక్క పేరుతోనే పిలిచింది, స్మగ్లర్లు అని. దుంగ మోస్తే కూలి వచ్చే మనిషికీ, ఆ దుంగని ఓడ ఎక్కించి కోట్లు తీసుకునే మనిషికీ ఆ ఒక్క మాటతో తేడా చెరిగిపోయింది. ఆ రోజుల్లో హక్కుల సంఘాలవాళ్లు మొదట చేసింది పేర్లు కనుక్కోవడం. ఈయన ఫలానా ఊరివాడు, ఈయనకి ఇద్దరు పిల్లలు. శవానికి పేరు లేకపోతే దాని తరఫున అర్జీ పెట్టేదెవరు?

చివరగా, ఈ జాబితాలో నా మనసుకి అందరికన్నా దగ్గరైన మనిషి బెజవాడ విల్సన్. మన కుప్పం పక్కనే ఉన్న కోలారు బంగారు గనుల ఊళ్లో, 1966లో, మలం ఎత్తే పని చేసే తెలుగు కుటుంబంలో పుట్టారు. ఉద్యోగ కార్యాలయంలో నమోదుకి పోతే, కులం చూసి గుమాస్తా ఏ పని అన్నచోట పాకీ పని అని రాసేశాడట. ఫారం నింపడమే నా బతుకు కాబట్టి ఆ ఒక్క గడి నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. ఆయన అధికారులకి ఉత్తరాలు రాశారు. జవాబు లేదు. పొడి మరుగుదొడ్ల ఫొటోలు తీశారు. ఊరి పరువు తీస్తున్నావని సొంతవాళ్లే బాధపడ్డారు. 1993లో ఆ పనిని నిషేధిస్తూ చట్టం వచ్చింది. అయినా పని ఆగలేదు. 2003లో విల్సన్ నడిపే సంఘం, సఫాయి కర్మచారి ఆందోళన్, సుప్రీంకోర్టుకి పోయింది. మా దగ్గర అలాంటి మరుగుదొడ్లే లేవని రాష్ట్రాలు ప్రమాణ పత్రాలు వేశాయి. దానికి ఎదురు జవాబుగా ఉద్యమం ఇచ్చింది ఫొటోలు, చిరునామాలు, అక్కడ పని చేస్తున్నవాళ్ల పేర్లు. పేరిస్తే ఆ పని కూడా పోతుందని తెలిసి ఇచ్చిన పేర్లు.

ఇక్కడే లెక్క మారింది. లాయరో డాక్టరో కాకుండా, పోగొట్టుకోవడానికి ఆ బుట్ట తప్ప ఇంకేమీ లేని ఆడవాళ్లు సంతకం పెట్టారు. ఎలా పెట్టగలిగారు? ఒక్కరు కాదు, చాలామంది కలిసి పెట్టడం వల్ల. ఎస్.ఆర్. శంకరన్ లాంటి పెద్దాఫీసరు పదవీ విరమణ తర్వాత వచ్చి వాళ్ల వెనక నిలబడటం వల్ల. 2014 మార్చి 27న తీర్పు వచ్చింది: 1993 నుంచి మురుగు కాలువల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ 10 లక్షలు. 2023లో సుప్రీంకోర్టే దాన్ని 30 లక్షలు చేసింది. మరణాలు ఇప్పటికీ ఆగలేదు.

మా షాపుకి రోజూ వచ్చే ఒక రిటైర్డ్ టీచరు ఇక్కడే నన్ను నిలదీస్తాడు. పదకొండేళ్లకి తీర్పు, ఆ తీర్పు తర్వాత కూడా చావులు, మరి నీ కాగితాలు ఏం సాధించినట్టు అని. ఆయన కోపం న్యాయమైనదే. నేను చెప్పేది ఇది. కాగితం ఒంటరిగా ఏమీ చేయలేదు. కానీ మన వ్యవస్థ మనిషిని ఒంటరిగానే రమ్మంటుంది. ఒక ఆధార్, ఒక ఫోన్ నంబరు, ఒక రసీదు. ఇరవై ముగ్గురి సమస్యని ఇరవై మూడు ముక్కలు చేసి తీసుకుంటే, ఒక్కో ముక్కనీ మూసేయడం తేలిక. ఆ ముక్కల్ని కలిపి కుట్టడమే రోసా పార్క్స్ పన్నెండేళ్లు చేసింది, బాలగోపాల్ పల్లె పల్లెకీ తిరిగి చేసింది, విల్సన్ కెమెరాతో చేసింది.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. మొదట సంతకం పెట్టినవాళ్లని ఉద్యమాలు చాలాసార్లు సరిగా చూసుకోలేదు. బహిష్కరణ మొదలైన నెలకే పార్క్స్ ఉద్యోగం పోయింది. 1957లో ఆ దంపతులు పని వెతుక్కుంటూ డెట్రాయిట్ వెళ్లిపోయారు. ఊరంతా ఆమె పేరు చెప్పుకుంటున్న రోజుల్లో ఆమె ఇంట్లో ఇబ్బంది. జో ఆన్ రాబిన్సన్ 1960లో ఆ కాలేజీ వదలాల్సి వచ్చింది. విగ్రహం పెట్టడానికి చందా వసూలు చేసే మనం, మొదటి పేరు ఇచ్చిన మనిషికి మర్నాటి బియ్యం ఎలాగన్నది ముందే మాట్లాడుకోవాలి. చప్పట్ల కన్నా ముందు ఆ మాట కావాలి.

ఆ పారిశుద్ధ్య కార్మికురాలికి ఆ ఒక్క పేరు అర్జీ మీద ఏమీ జరగలేదు. మూడు వారాల తర్వాత మళ్లీ వచ్చింది. ఈసారి వెంట నలుగురు ఉన్నారు. చేతిలో పిల్లల నోట్‌బుక్‌లోంచి చింపిన కాగితం, దాని మీద బాల్‌పెన్నుతో ఇరవై మూడు పేర్లు, ఆరింటి పక్కన వేలిముద్రలు. మొదటి పేరు ఎవరిది వేయమంటారని అడిగాను. వాళ్లలో అందరికన్నా పెద్దామె ముందుకొచ్చింది.

"నాది ఏయి సామీ. నాలుగు నెల్లు పోతే నాకు అరవై. ఎట్లాగూ తీసేస్తారు గదా."

తక్కినవాళ్లు ఆ నాలుగు నెలల జీతం గురించి దారిలోనే మాట్లాడుకున్నారట. ఆమెని ముందే తీసేస్తే నెలకి తలా ఇంత వేసుకుని ఇస్తామని. మాంట్‌గోమరీ గురించి వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

మూడు కాపీలు తీసిచ్చాను. రెండు నెలల జీతం పడింది. ఒక నెల, పీఎఫ్ ఇంకా పడలేదు. పెద్దామె పని అయిపోయి ఇంటికి వెళ్లిపోయింది. ఈ ఏడాది వాళ్లు పీఎఫ్ కోసం ఇంకో అర్జీ పెట్టారు. టైపు చేయించడానికి వచ్చింది మొదటిసారి సంచి దగ్గరికి లాక్కున్న ఆమే. పేర్లు ఏ వరసలో వేయాలమ్మా అన్నాను. తన పేరు ముందు వేయమని, ఇంటి పేరుతో సహా రాయమని చెప్పి, స్క్రీన్ వైపు వంగి అక్షరాలు సరిగా పడ్డాయో లేదో చూసుకుంది.